కృపావతి చదివిన బరువు

న్యూజిలాండ్‌లో, పామర్‌స్టన్ నార్త్ ఊళ్లోని ఒక రెస్ట్‌హోమ్‌లో పెద్దవాళ్లను చూసుకునే కృపావతి, మంచం మీంచి మనిషిని లేపే హాయిస్ట్‌ను ముట్టుకునే ముందు అది ఎంత బరువు మోయగలదో దాని మీద రాసిన అంకెను ప్రతిసారీ చదువుతుంది. ఆ అంకె ఆమెకు కంఠతా వచ్చు. అయినా కళ్లద్దాలు ముక్కు మీదికి దించి, వేలు పెట్టి మరీ చదువుతుంది. శనివారం, కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఇళ్లలాంటి కారవాన్లు అమ్మే చోట కూడా అలాగే, కారు పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగింది. భర్త ఎలియాస్‌కి ఆరుగురు పడుకునే తెల్లటిది నచ్చింది. "మన కారు పదిహేను వందల కిలోలు లాగుద్ది. ఇది పదమూడు వందల ఎనభయ్యేగా కృపా!" అన్నాడు. "అది ఖాళీ బరువండీ. నీళ్లు, గ్యాసు, బియ్యం బస్తా, మీరు వదలని ఆ గ్రైండరు ఎవరు మోస్తారు?" అంది. ఏ కొండైనా ఎక్కేస్తుందని అమ్మేవాడు నవ్వాడు. "ఎక్కుద్ది సరే, దిగేటప్పుడు ఆగుద్దా?" అని ఆమె ఇంగ్లీషులో అడిగేసరికి అతని నవ్వు ఆగింది. చివరి వరసలో, సామాను నిండా నింపినా పదకొండు వందలు దాటని బుల్లి కారవాన్ ఉంది. దాని తలుపు పక్క రేకు మీది అంకెను వేలు పెట్టి రెండుసార్లు చదివి, అదే తీసుకుంది.

ఆదివారం చర్చి ముందు అందరూ దాని చుట్టూ మూగారు. "ఇంత చిన్నదా ఆంటీ?" అంది నర్సింగ్ చదివే లవ్లీ. కృపావతి కొంగు సర్దుకుని నిటారుగా నిలబడింది.

"పదకొండేళ్ల పనిలో నా చేతుల్లోంచి ఒక్క మనిషీ జారలేదమ్మా. ఇదీ జారదు."