నాయనమ్మ ఎండబెట్టిన మడ బురద

ఈ వేళ నేను పాఠం చెప్పే క్లాసులో, మడ బురద నింపిన పైపు మూత తీయగానే కుళ్లిన కోడిగుడ్డు కంపు గుప్పుమంది. పిల్లలంతా ఒక్కసారి ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం గుండెల నిండా పీల్చుకున్నాను. నాకది విమల టీచర్ గారి వాసన. ఈ మాట వింటే ఆవిడ పకపకా నవ్వేవారు.

నేను ఉయ్యూరులో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు ఆవిడ మాకు సైన్సు చెప్పేవారు. వాళ్లది మంగళగిరిలో నేత కుటుంబం. ఒక ఆదివారం, కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ అడవిలో మోకాళ్ల దాకా దిగి, పైపు నిండా బురద తెచ్చారు. సోమవారం గోళ్లలో ఆ నలుపుతోనే పరుగున క్లాసుకొచ్చారు.

"చూడండర్రా! గాల్లో కార్బన్‌ని మడ చెట్టు లాక్కుంటుంది. దాని ఆకులూ వేర్లూ ఈ బురదలో పడిపోతాయి. ఇందులో గాలాడదు, అందుకని తొందరగా కుళ్లవు. మా నాన్న నేసిన బట్టని మగ్గానికి చుట్టుకుంటూ పోతారే, అలా పొర మీద పొర. అడుగుది మీ తాతల కంటే పాతది!"

శనివారం విజయవాడలో సైన్సు ప్రదర్శన. అప్పటిదాకా ఆ పైపును భద్రంగా ఉంచే పని నాకిచ్చారు. క్లాసు మొత్తంలో నాకు! గాల్లో తేలుతూ ఇంటికి వెళ్లాను. గురువారం బడి నుంచి వచ్చేసరికి పైపు ఖాళీ. బురదంతా డాబా మీద ఎండలో పరిచి ఉంది.

"నల్లటి ఒండ్రే, బంగారం! ఎండబెట్టి బంతి మొక్కలకి వేద్దామనీ," అంది నాయనమ్మ. వ్యవసాయం చేసిన చెయ్యి మరి, మంచి మట్టి కనిపిస్తే ఊరుకోదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆవిడ మీద ఇంతెత్తున లేచాను. ఆ తర్వాత వెక్కి వెక్కి ఏడ్చాను. టీచర్ గారు ఇక నన్ను నమ్మరన్నదే నా ఏడుపంతా.

మర్నాడు ఆ ఎండు మట్టిని పళ్లెంలో పెట్టుకెళ్లాను. టీచర్ గారి ముఖం వాడిపోయింది. తర్వాత ఒక పెళ్ల తీసి, నలిపి, వాసన చూశారు.

"కంపేదే?"

"పోయిందండీ."

"ఎందుకు పోయింది?"

"గాలి... గాలి తగిలిందండీ."

ఆవిడ కుర్చీలోంచి దిగ్గున లేచారు. "అదీ! ఆ కంపు గాలాడని చోటే పుడుతుంది. గాలి తగిలితే ఆకులూ వేర్లూ కుళ్లడం మొదలవుతుంది. దాచుకున్న కార్బన్ మళ్లీ పైకి పోతుంది. మడ నరికి రొయ్యల చెరువులు తవ్వితే జరిగేదీ ఇదే. మీ నాయనమ్మ సగం పాఠం చెప్పేశారే! ఆవిణ్ణి కూడా తీసుకురా."

ప్రదర్శనలో మా బల్ల మీద ఖాళీ పైపు, పళ్లెంలో ఎండు మట్టి. పక్కన కుర్చీలో నాయనమ్మ. వచ్చిన ప్రతివాళ్లకీ, "ఎండబెట్టింది నేనేనండీ," అని ఆవిడే ముందు చెప్పేది. మిగతాది నేను గొంతు పోయేదాకా చెప్పాను. అంత సంతోషం మళ్లీ ఎరగను.

ఈ వేళ పాఠం చెప్పాక, పైపు అందుకుంటూ దివ్య అనే అమ్మాయి జారవిడిచింది. నేను రోజంతా తిరిగి తెచ్చిన బురద నేలపాలైంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు. నా కోపం నాలుక చివరిదాకా వచ్చి, విమల టీచర్ గారు గుర్తొచ్చి, అక్కడే ఆగింది.

"దివ్యా, దీనికిప్పుడు గాలి తగిలింది. ఏమవుతుందో చెప్పమ్మా."

కళ్లు తుడుచుకుంది. "కార్బన్ పైకి పోతుందండీ..." అని, బురద వైపు చూసి, "తొందరగా ఎత్తేద్దామా టీచర్?" అంది.

ముక్కుల మీది చేతులన్నీ బురదలోకి దిగాయి.