నాన్న దిద్దని గీత

మొన్న గవర్నర్‌పేటలో శుభలేఖలు అచ్చువేసే ఓ దుకాణం ముందు ఆటో ఆగితే, లోపల్నుంచి సిరా, కిరసనాయిలు కలిసిన వాసన గుప్పున వచ్చింది. నేను దిగాల్సిన చోటు అది కాకపోయినా దిగిపోయాను. అది మా నాన్న చొక్కా వాసన. ఎంత ఉతికినా, నీలిమందు పెట్టి ఎంత ఎండలో ఆరేసినా అమ్మ వదిలించలేకపోయిన వాసన.

నాన్న ఆ పేటలోనే ఓ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. పెడనలో మా తాత మగ్గం మీద కూర్చుని, వేల పోగుల్లో తప్పిన ఒక్క పోగుని వేలితో తడిమి పట్టుకునేవాడట. నాన్న మగ్గం వదిలేసి బెజవాడ వచ్చేశాడు గానీ ఆ బుద్ధి మాత్రం వెంటే వచ్చింది. హోటల్లో ఇడ్లీ వచ్చేలోపు గోడ మీది పట్టికలో తప్పులు వెతికేవాడు. పెళ్లికి పిలవడానికి వచ్చినవాళ్లకి వాళ్ల శుభలేఖలోనే అచ్చుతప్పు చూపించి, వాళ్లు వెళ్లాక అమ్మ చేత చీవాట్లు తినేవాడు.

ఇంగ్లీషు గైడ్లు దిద్దీ దిద్దీ ఆయనకి ఓ పిచ్చి పట్టుకుంది. వినడానికి ఇంచుమించు ఒకేలా ఉండి అర్థాలు వేరైన మాటల్ని, అందులోనూ ఎవరూ పెద్దగా వాడని మాటల్ని ఏరి తెచ్చేవాడు. ప్రూఫు కాగితాల అంచులు కత్తిరించి, పైన రెండు మాటలు, కింద వాటి పుట్టుకలూ అర్థాలూ తారుమారుగా రాసి, పొద్దున్నే ఆ చీటీ నా కంచం పక్కన పెట్టేవాడు. బళ్లో జతపరచమన్నట్టు నేను పెన్సిలుతో గీతలు కలపాలి, కలిపితేగానీ పెసరట్టు మీద చెయ్యి పడకూడదు. తప్పు కలిపితే ఎర్రసిరాతో ప్రూఫుల్లో పెట్టే గుర్తు పెట్టేవాడు. మొదటి మాట మీదుగా వెళ్లి రెండో మాట కిందుగా దిగే వంకర గీత అది. ఈ రెండూ చోట్లు మార్చుకోవాలని దాని అర్థం.

తాటిముంజెల నీళ్లు మోచేతుల దాకా కారే ఎండాకాలంలో ఎమినెంట్, ఇమినెంట్ నేర్చుకున్నాను. రెండూ పొడుచుకురావడమనే ఒకే లాటిన్ మాటలోంచి పుట్టాయట. నేలలోంచి పైకి లేచి అందరికీ కనబడేది మొదటిది, నెత్తి మీదికి వంగి ఇప్పుడో ఇంకాసేపటికో పడబోయేది రెండోది. నాన్న నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని దుర్గమ్మ కొండ కిందికి తీసుకెళ్లి, "కొండంతా మొదటి మాట. అదుగో, ఆ వేలాడే బండ రెండో మాట" అని చూపించాడు. కృష్ణకి కొత్తనీరు వచ్చి బ్యారేజీ గేట్లెత్తిన వానల్లో, ఎర్రటి నీళ్లలో కొట్టుకొచ్చే కొమ్మల్నీ గడ్డిమోపుల్నీ చూస్తూ ఫ్లాట్సమ్, జెట్సమ్ నేర్చుకున్నాను. ఓడ మునిగితే దానంతటది తేలివచ్చేది ఒకటి, ఓడ తేలికవ్వాలని మనుషులే విసిరేసింది ఇంకొకటి. తడిసి ఇంటికొచ్చేసరికి అమ్మ మొక్కజొన్న గారెలు వేస్తూ, మా ఇద్దర్నీ కలిపి తిట్టేది. స్నేహితురాళ్లు గులకరాళ్లతో అచ్చనగాయలు ఆడితే, నేను నాన్న తెచ్చిన అరిగిపోయిన సీసపు అక్షరాలతో ఆడేదాన్ని.

పదకొండో ఏడు వచ్చేసరికి నాకు ఇదంతా నామోషీ అనిపించసాగింది. గుణదల తిరునాళ్లు దగ్గరపడుతున్న ఓ చలిపొద్దున, గుమ్మంలో స్నేహితురాళ్లు బడికి రమ్మని తొందర పెడుతుండగా, కంచం పక్కన వీనల్, వీనియల్ అన్న చీటీ కనిపించింది.

"ఈ మాటలు బెజవాడలో ఎవరన్నా అంటారా నాన్నా? ఇయ్యన్నీ నాకొద్దు. నీ పిచ్చి నాకంటగట్టమాకు" అని చీటీ తోసేసి లేచాను.

నాన్న మొహం చిన్నబోయింది. "సర్లే తల్లీ, సాయంత్రం చూద్దువుగాని" అన్నాడు. ఆయన నోట నేను విన్న ఆఖరి మాట అదే. మధ్యాహ్నం ప్రెస్సులో కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాడు. పక్షవాతం కుడిచేతినీ, మాటనీ తీసుకుపోయింది.

నేనన్న దానివల్లే నాన్నకి మాట పడిపోయిందని నమ్మాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అమ్మ గుణదల చర్చిలో మాత దగ్గర కొవ్వొత్తులు వెలిగించి, అటునుంచటే దుర్గమ్మకి కూడా మొక్కుకుని వచ్చేది. నాకు తోచిన దారి వేరు. తప్పు కనబడితే నాన్న ఊరుకోలేడు. అందుకని పాత చీటీలున్న రేకు డబ్బా తెచ్చుకుని, మంచం పక్కన కూర్చుని, కావాలనే తప్పుగా చదవడం మొదలుపెట్టాను. పడబోయే బండని ఎమినెంట్ అన్నాను. నాన్న కనుబొమలు ముడిపడ్డాయి. ఎడమచేతి చూపుడువేలు దుప్పటి మీద మెల్లగా కదిలింది, ఒక మాట మీదుగా, పక్క మాట కిందుగా. నేను బావురుమన్నాను.

అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, "ఆయన్నెందుకే ఇసిగిస్తావు, కాసేపు పడుకోనియ్యి" అంది.

"ఇసిగించట్లేదమ్మా. నాన్న దిద్దుతున్నాడు, చూడు."

నెలన్నరపాటు బడినుంచి రాగానే అదే పని. వేలు దిద్దుతోందంటే రేపోమాపో నోరు కూడా దిద్దుతుందని నా ఆశ. ఓ సాయంత్రం డబ్బా అడుగున, నేను ఆ రోజు తోసేసిన చీటీ దొరికింది. అమ్మ ఎత్తి అందులో పడేసినట్టుంది. దాని మీద గీతలు లేవు, ఏది దేనికో నాకు నిజంగానే తెలియదు. అమ్మకమనే లాటిన్ మాటలోంచి పుట్టి, లంచానికి లొంగే మనిషిని చెప్పేది ఒకటి. మన్నింపులోంచి పుట్టి, క్షమించదగ్గ చిన్న తప్పుని చెప్పేది ఇంకొకటి. వీనల్ అంటే క్షమించదగ్గదని గీత కలిపి, పైకి చదివి, నాన్న వేలి వంక చూశాను. వేలు కదల్లేదు. నాన్న చాలాసేపు నన్నే చూసి కళ్లు మూసుకున్నాడు. మొదటిసారే సరిగ్గా కలిపానని గంతులేస్తూ వంటింట్లోకి వెళ్లి అమ్మకి చెప్పాను.

ఆ వారంలోనే నాన్న పోయాడు. ఏడో తరగతిలో బడి లైబ్రరీలో నిఘంటువు తిరగేస్తే తెలిసింది, నేను కలిపింది తప్పని.

మొన్న ఆ దుకాణంలో, ఇప్పుడు ప్రూఫులెవరు దిద్దుతారని అడిగాను. "ప్రూఫులేంటండీ, పార్టీకి వాట్సాప్‌లో పెట్టేస్తాం. ఓకే అంటే కొట్టేస్తాం" అన్నాడు కంప్యూటరు ముందు కుర్రవాడు. నాన్న పనిచేసిన ప్రెస్సు చోట సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. భవానీపురం ఇంటికి మారాక చీటీల డబ్బాకి చెదలు పట్టి, ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

నా తప్పు తెలిసీ నాన్న ఆ సాయంత్రం వదిలేశాడని, నన్ను మన్నించాడని అనుకోవాలని ఇన్నేళ్లూ ప్రయత్నించాను. కానీ మా నాన్న సంగతి నాకు తెలుసు. ఆ సాయంత్రానికి ఆయనకింకా తప్పూ ఒప్పూ తెలుస్తూ ఉంటే, దిద్దకుండా ఊరుకునే మనిషి కాదు.