బావగారి మలుగు, నా ఉప్పునీళ్ళు

మా వియ్యంకుడు పోయాడని పోయిన లక్ష్మివారం పొద్దున్నే మా అమ్మాయి తెనాలి నుంచి ఫోన్ చేసింది. "నాన్నా, మావయ్యగారు నిద్రలోనే పోయారు" అంది. ఆ పైన ఏడుపే వినపడింది. పెనుమూడిలో చేలోకి పోబోతూ చెప్పులు తొడుక్కున్నవాణ్ణి, అలాగే రేపల్లె వచ్చి రైలెక్కాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. నేను పోయిననాడు ఇది ఇలాగే ఏడుస్తుందా?

చావు కబురు విని ఇలాంటి ఆలోచన చేసేవాడు మంచివాడు కాదంటారు. అనండి. పెద్దకర్మ రోజు పంచే పుస్తకంలో నన్నూ నాలుగు ముక్కలు రాయమని అమ్మాయి అడిగింది. మూడో క్లాసులో పలక వదిలేసినవాణ్ణి, పొగడటం నాకు చేతకాదు. పొగిడేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను జరిగింది రాస్తాను.

బావగారు బాపట్లలో ఒక కాలేజీలో, సైన్సు గదిలో గాజు సామాను కడిగి సర్దే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక తెనాలిలో కొడుకు దగ్గర, అంటే మా అమ్మాయి దగ్గర ఉండేవాడు. మనిషి సన్నం, గొంతు ఇంకా సన్నం. మా ఇంటికొచ్చి మంచినీళ్ళిస్తే గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసి గానీ తాగేవాడు కాదు.

"ఏంటి బావగారూ, మా పెనుమూడి నీళ్ళలో పురుగులేమన్నా కనపడ్డాయా?" అని ఒకసారి అడిగేశాను.

"లేదండీ, ముప్పై ఏళ్ళ అలవాటు. నీళ్ళు కనపడితే ఎత్తి చూడకుండా ఉండలేను" అన్నాడు. ఆయనతో దెబ్బలాడదామన్నా కుదిరేది కాదు.

అమ్మాయి పెళ్ళయిన ఏడాది కార్తీక పౌర్ణమికి రెండు ఇళ్ళవాళ్ళం బాపట్ల పక్కనున్న సూర్యలంక సముద్రస్నానానికి వెళ్ళాం. వలలు దులిపేవాళ్ళు పనికిరాదని ఇసకలో పారేసిన మలుగు పిల్ల ఒకటి కొట్టుకుంటోంది. మలుగంటే పాములా ఉండే చేప. జానెడుంది, గోధుమరంగు ఒంటి మీద పచ్చటి చుక్కలు. "పులుసుకి కూడా చాలదు" అన్నాను నేను. ఆయన మా ఆవిడ చేసిన పులిహోర మా విస్తళ్ళలోకి బోర్లించి, ఆ కారియర్ గిన్నెలో సముద్రపు నీళ్ళు పట్టి దాన్ని తెనాలి మోసుకుపోయాడు.

ముందుగదిలో రెండడుగుల గాజుతొట్టి పెట్టాడు. అడుగున ఇసక, దూరడానికి ఒక పైపు ముక్క, గాలి మిషను. సందు దొరికితే ఎక్కి వచ్చేస్తుందని మూత మీద రాయి. వారం వారం కొడుకు సూర్యలంక నుంచి క్యానుల్లో నీళ్ళు తెచ్చేవాడు. రెండు రోజులకోసారి పుల్లకి రొయ్యముక్క గుచ్చి అందిస్తే, అది పైపులోంచి సగం బయటికొచ్చి, మెల్లిగా వాసన పట్టుకుని, టక్కున లాక్కునేది.

నాకు కడుపు మండింది ఆ చేప చూసి కాదు. తొట్టి ముందు కింద కూర్చుని మావగారితో కబుర్లాడే నా కూతుర్ని చూసి. ఇరవై రెండేళ్ళు పెంచాను. నేను లోపలికొస్తే అది లేచి వంటింట్లోకి పోయేది. అదే భక్తి అనుకుని మీసం తిప్పాను. ఇక్కడేమో ఈ సన్నపాటి మనిషి పక్కన కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

ఒకసారి ఆ మలుగు నా వైపు నోరు తెరిచి, మూసి, తెరిచింది. "కరవడానికి చూస్తోందే" అన్నాను.

"లేదండీ బావగారూ, ఊపిరి పీల్చుకుంటోంది. దాని తీరే అంత" అని, అమ్మాయి వైపు తిరిగి, "మీ నాన్నగారు కేకలేసేదీ అంతేనమ్మా. కోపం కాదు, ఊపిరి" అన్నాడు.

అమ్మాయి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మా గేదెలకి వేళయిందని చెప్పి ఆ పూటే బయల్దేరి వచ్చేశాను.

ఆయన కంటి ఆపరేషనుకి గుంటూరు వెళ్ళాల్సి వచ్చింది. కొడుకూ కోడలూ తోడు. నాలుగు రోజులు ఇంట్లో ఉండి మలుగుని చూసుకోమని నన్ను పిలిచారు. "రొయ్యముక్క ఒకటి చాలండి. ఇదిగో ఈ ఒక్క క్యానూ అవసరానికి ఉంచండి. మిగతాదేమీ కదపకండి" అని మరీ మరీ చెప్పాడు. నాకు చెప్పేంత వాడివా అనుకున్నాను.

వాళ్ళు వెళ్ళగానే తొట్టి చూస్తే గాజు మీద పాచి. అమ్మాయి వచ్చేసరికి అద్దంలా మెరిపించాలనుకున్నాను. సగం నీళ్ళు దొడ్లో పారబోసి, గాజు తోమాను. తగ్గిన నీళ్ళ కోసం బాపట్ల రైలెక్కాలా? విత్తనాల వడ్లు తేర్చడానికి ఉప్పునీళ్ళు కలిపే రైతుని నేను. నీళ్ళలో కల్లుప్పు కరిగిస్తూ పోవాలి, వేసిన కోడిగుడ్డు తేలితే ఉప్పు సరిపోయినట్టు. తాలు పైకొస్తుంది, గట్టిగింజ మునుగుతుంది. అదే లెక్కన బోరునీళ్ళలో ఉప్పు కలిపి, గుడ్డు తేలాక తొట్టి నింపి, కాళ్ళు చాపుకుని పడుకున్నాను.

తెల్లారి చూస్తే మలుగు, నేను రాయి పెట్టడం మరిచిన మూత ఎత్తుకుని గచ్చు మీద పడి ఉంది. ఒళ్ళంతా జిగట. తడిగుడ్డతో పడితే చిన్నగా కదిలింది. ఆయన ఉంచిన క్యాను బకెట్లో పోసి, దాన్ని అందులో వదిలి, గాలి మిషను పెట్టి, పైన పీట బోర్లించి రాయి పెట్టాను. ఖాళీ క్యాన్లు కట్టుకుని బాపట్ల రైలెక్కాను. సూర్యలంకలో మొలలోతు దిగి గబగబా క్యాన్లు ముంచాను. చేప కోసం కాదు. అమ్మాయి మొహం తలుచుకుని. దానికి ప్రాణమైంది నా చేతిలో చచ్చిపోతే ఇక ఈ ఇంటికి ఏ మొహంతో వస్తాను?

సాయంత్రానికి పాత నీళ్ళు మొత్తం తోడేసి కొత్తవి పోశాను. మలుగు బతికింది. చుక్కలు పాలిపోయి, పైపులో మూలకి నక్కింది.

బావగారు కంటికి పచ్చగుడ్డ కట్టుకుని వచ్చాడు. ఉన్న ఒక్క కంటితో తొట్టి చూశాడు. మూత అంచున తెల్లగా కట్టిన ఉప్పు వేలితో గీరి నాలుక్కి రాసుకున్నాడు. వంటింటి గట్టు మీద కల్లుప్పు సంచీ, దాని పక్కన కోడిగుడ్డు చూశాడు. నా వైపు చూశాడు.

"ఏంటి మావయ్యగారూ, ఇది ఇలా వాడిపోయింది?" అంది అమ్మాయి.

"ఎండలమ్మా. మీ నాన్నగారు బాపట్ల పోయి నీళ్ళు తేకపోతే దక్కేది కాదు" అన్నాడు.

అమ్మాయి నా చేతులు చూసింది. క్యాన్లు మోసి బొబ్బలెక్కి ఉన్నాయి. వెన్న తెచ్చి రాసింది. నా పక్కనే, నేల మీద, అంతసేపు కూర్చుంది. ఇన్నేళ్ళూ నేను కుళ్ళుకున్నది అలా కూర్చోవడం కోసమే. అది ఆయన ఆడిన అబద్ధం మీద దొరికింది. వద్దనలేకపోయాను. నోరు మూసుకుని వెన్న రాయించుకున్నాను.

అది లోపలికి పోయాక బావగారు దగ్గరికొచ్చి మెల్లిగా, "వడ్లు బాగా తేరాయాండీ?" అన్నాడు.

నేను కండువా దులిపి భుజాన వేసుకున్నాను.

"గుడ్డు సముద్రంలో మునుగుతుందండీ బావగారూ."

నమ్మలేదు. మర్నాడు పెనుమూడి పోతున్నానని చెప్పి, గుడ్డొకటి కండువాలో చుట్టుకుని సూర్యలంక పోయాను. వెంట తీసుకెళ్ళిన చెంబులో నీళ్ళు ముంచి గుడ్డు వదిలాను. రాయిలా అడుక్కి పోయింది. అంటే నేను కలిపిన ఉప్పు సముద్రాన్నే మించిపోయిందన్నమాట. ఒడ్డున ఎవరూ లేరు గనక సరిపోయింది.

ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆయన మీద కోపం తెచ్చుకుని హాయిగా ఉండేవాణ్ణి. పండక్కీ పబ్బానికీ కలిస్తే, "మా మలుగు బతికింది మా బావగారి చలవే" అని పదిమందిలో అనేవాడు. నేను తల ఊపేవాణ్ణి. ఆయన అంత మంచివాడైనందుకు నాకు ఇంకా కుళ్ళుగా ఉండేది. ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు ఆయన లేడు. చెప్పేవాళ్ళెవరూ లేరు. నేను ఊరుకుంటే ఆ రోజు వచ్చిన మంచిపేరు నాదిగానే ఉండిపోతుంది. అందుకే రాస్తున్నాను. అమ్మాయ్, ఆ మలుగుని చంపబోయింది నేను. నీ ముందు నన్ను నిలబెట్టింది మీ మావగారు.

వసారాలో కూర్చుని ఇంతవరకు రాశాను. గదిలో అమ్మాయి తొట్టిలో చెయ్యి పెట్టి పైపు సర్దుతోంది. "నాన్నా, అయిందా? ఇలా తే, చదువుతాను" అంటోంది. ఇటు చూడకుండానే చెయ్యి చాపింది. మోచేతి దాకా తడి. వేళ్ళ చివర్ల నుంచి నీళ్ళు గచ్చు మీద బొట్లు బొట్లుగా పడుతున్నాయి.