తెలియని నొప్పి

టైలరు కూర్చుంటే కుట్టుమిషను ఆయన పొట్ట చాటున దాక్కున్నట్టుంటుంది. నడివయసులో పట్టుకున్న షుగరు ఆయన్ని వదల్లేదు. భోజనానికి ముందు చొక్కా ఎత్తి ఇంజెక్షను పొడుచుకుంటాడు, ఏమీ ఎరగనట్టు మళ్లీ మిషను తొక్కుతాడు. షుగరు అదుపులోకి రావాలంటే బరువు తగ్గించే ఆపరేషను చేయించుకొమ్మని డాక్టరు అంటే, “మందులతో నెట్టుకొస్తున్నానుగా” అని నవ్వేస్తాడు.

అదే ఆపరేషను చేయించుకున్న అక్క ఒక మధ్యాహ్నం, వదులైపోయిన తన బట్టలు బిగించమని తెచ్చింది. సగమైపోయిన ఆమె భుజాల మీద టేపు పెట్టడానికి ఆయన చేయి తటపటాయించింది.

“ఇంజెక్షన్లు పోయాయా అక్కా?”

“పోయాయిరా. కానీ నాలుగు ముద్దలకే కడుపులో తిప్పుతుంది. జుట్టంతా ఊడింది. ఊరికే ఏదీ రాదు.”

“అందుకే నాకొద్దంటున్నా.”

బట్టలు అల్మరాలో పెట్టడానికి ఆయన లేచాడు. అడుగేసినచోటల్లా నేల మీద నెత్తుటి మరక పడుతోంది. అక్క గాభరాగా కూర్చోబెట్టి కాలెత్తి చూసింది. మడమలో విరిగిన సూది దిగి ఉంది.

“ఎప్పుడు గుచ్చుకుందిరా?”

“ఏమో, తెలీలేదు.”

ఆమె పళ్లు బిగించి సూది లాగింది. అది ఎంత నొప్పి పెట్టాలో ఆయన అక్క ముఖం చూసి తెలుసుకున్నాడు. ఆ పాదం తనది కానట్టు చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

“డాక్టరు దగ్గరికి నువ్వూ రా అక్కా,” అన్నాడు చివరికి. “ఒక్కణ్ణీ వెళ్లాలంటే భయమేస్తోంది.”