మనుషులకు ఎర్ర చుక్క

డిసెంబరు నెల మొదటి మంగళవారం, పొద్దున్న తొమ్మిదీ పది. గంట నాకెలా తెలుసంటే, వచ్చిన సారు చేతి గడియారం చూసి, పైకే చదివి, కాగితం మీద వేసుకున్నాడు. ఎన్నింటికి వచ్చారన్నది కూడా వాళ్లకు లెక్కే. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. మా చెల్లి మొగుడు కల్లు కోసం జీలుగు చెట్టెక్కి, పడి తుంటి విరగ్గొట్టుకున్న ఏడు.

హుకుంపేట నుంచి ఇంకా పైకి ఎక్కితే మా ఊరు. మా చెల్లినీ నన్నూ ఆ ఊళ్లో ఒకే ఇంటికి ఇచ్చారు. మొగుడు విశాఖపట్నం ఆసుపత్రిలో పడుకుని ఉంటే, దాని కాఫీ అంతా ఒక్కసారి పండింది. కాఫీ పండు ఎవరికోసమూ ఆగదు. ఎర్రబడ్డాక వారం చూసి రాలిపోతుంది. దించిన పండు ఆ సాయంత్రమే కాటాకెక్కాలి, తెల్లారితే పులిసిపోతుంది. ఆ పండే దాని ఇల్లు గడవాల్సిన ఆధారం, మొగుడు మళ్లీ నడవాల్సిన ఆధారం. అందుకని ఆ మంగళవారం ఊరంతా దాని చెట్ల కింద ఉన్నాం.

మా దగ్గర పండు దించడానికి కూలి అనేది ఉండేది కాదు. ఈరోజు నీ చెట్లకు అందరం, రేపు నా చెట్లకు అందరం. పిలిచినవాళ్లు మధ్యాహ్నం చోడి అంబలి పోస్తారు, పని తెగిన రోజున కోడి కోస్తారు. దాన్ని సాయం అనేవాళ్లం. మనిషి లేని ఇంటికి ముందు వెళ్లేవాళ్లం. దాని మీద మాట్లాడుకోవడం కూడా ఉండేది కాదు, ఊపిరి గురించి ఎవరు మాట్లాడతారు?

మా పండు కొనే సంఘం వాళ్లు అంతకు రెండేళ్ల ముందే కింద కాటా షెడ్డులో ఒక బోర్డు కట్టారు. ఊరూరికీ ఒక వరస. వరసకు మూడు గళ్లు: చెట్లు, నీళ్లు, మనుషులు. నీడ చెట్లు నరక్కుండా ఉంచితే మొదటి గడిలో పచ్చ చుక్క. పండు కడిగిన మురికి కింద పారే గెడ్డలో కలపకపోతే రెండో గడిలో పచ్చ చుక్క. మనుషుల్ని సరిగ్గా చూసుకుంటే మూడో దాంట్లో. బాగాలేకపోతే ఎరుపు. ఎక్కడో పైదేశంలో కాఫీ తాగేవాడు, ఇందులో ఎవరి ఉసురూ లేదు కదా అని అడుగుతాడట. వాడి గొంతు దిగడానికి ఈ చుక్కలు.

నలభై దాటాక రాత్రి బడిలో నేను అక్షరాలు దిద్దుకున్నాను. పలక పట్టుకుంటే మా ఆయన నవ్వాడు. నవ్వనీ. చదువు రాకపోయుంటే ఆ బోర్డు నాకు ముగ్గులా కనిపించేది, సుఖంగా ఉండేదాన్ని.

వచ్చినవాళ్లు ఇద్దరు. ఒకడు చుక్కలు పెట్టే సారు, బెంగుళూరు నుంచి వచ్చాడట, టోపీ, మెడలో కార్డు. ఇంకొకడు సంఘం ఫీల్డుమేను, సాలూరు కుర్రాడు. సారు ఇంగ్లీషులో అడిగేది వాడు తెలుగులో మాకు చెప్పాలి. సారు చెట్లు చూశాడు, తల ఊపాడు. గెడ్డ చూశాడు, తల ఊపాడు. మమ్మల్ని చూసి ఏదో అడిగాడు.

"కూలి లేకుండా ఎవరైనా పని చేస్తున్నారా అని అడుగుతున్నారు" అన్నాడు ఫీల్డుమేను.

"సేత్తన్నాం" అన్నాను నేను. "ఊరంతా సేత్తన్నాం. ఏం, ఆ సారూ సేత్తాడా? బుట్ట ఇమ్మంటావేటి?"

చెట్ల కింద అందరూ నవ్వారు. ఫీల్డుమేను నవ్వలేదు. సారు ఇంకో మాట అడిగాడు.

"వెట్టి పనా అంటున్నారు."

మా మామగారి తమ్ముడు కొమ్మ వదిలి ఇటు తిరిగాడు. మా ఇద్దరికీ ఆయన చినమావ. ఊళ్లో ఆయనకంటే పెద్దవాళ్లు లేరు.

"వెట్టి నాను సేసినాను బాబూ. సిస్తు వొసూలుకొచ్చే ముఠాదారు మంచం మోసినాను, మంచంతో పాటు ముఠాదారునీ మోసినాను. ఇది ఆడి మంచం గాదు, మా కోడలు గుంట పండు. అలాగని సెప్పు ఆ టోపీకి."

ఫీల్డుమేను ఆ మాటలేవీ సారుకు చెప్పలేదు. నాకు ఇంగ్లీషు రాదు గానీ, అంత పొడుగు మాట రెండు ముక్కల్లో అయిపోతే ఆ మాత్రం తెలుస్తుంది. సారు కాగితం మీద గీత కొట్టాడు. అడిగినందుకు నిజం చెప్పాను. ఈరోజు అడిగినా అదే చెబుతాను.

సారు బడి అరుగు మీద టిఫిను డబ్బా విప్పుకుంటే, ఫీల్డుమేను పరిగెత్తుకుంటూ పైకొచ్చాడు.

"ఏటమ్మా నువ్వు, కొంప ముంచీసినావు. మనుషుల గడిలో ఎరుపు పడిపోద్ది. ఎరుపు పడితే ఈ తోట పండు కాటా ఎక్కదు. ఇయ్యేళే ఎక్కదు."

"సాయానికి వొచ్చినోళ్లం అని సెప్పలేకపోనావా?"

"ఆ గడిలో సాయం అన్న మాట లేదమ్మా. కూలి ఇచ్చారా, ఇవ్వలేదా, అంతే. సారు ఎల్లేముందు ఇంకొక్కసారి అడుగుతారు. తోట ఈమెది కాబట్టి ఈమె చెప్పాలి. కూలికే పిలిచాను అంటే చాలు."

చెల్లి నావైపు చూసింది. గోనెసంచులు అప్పటికే మూతి దాకా నిండి ఉన్నాయి.

"సెప్పకు" అన్నాను. "మావ ముందర ఆ మాట అనకు."

"నీకేటి అప్పా. నీ మొగుడు నడుత్తన్నాడు."

నేను సంచి మూతి కట్టడానికి వంగాను.

సారు మళ్లీ వచ్చాడు. చెల్లి నేల చూస్తూ చెప్పింది: "కూలికే పిలిసినాను." అంతటితో వదిలితే ఏమో. వాళ్లు వదలరు, గడి నిండాలి కదా. ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకటే కూలా అని అడిగించాడు. ఒకటే అంది. సారు వేలు పెట్టి చినమావను చూపించి మరో మాట అన్నాడు.

"ఈ ముసలాయనకి కూడా ఇస్తున్నారా అంటున్నారు."

"ఆయనకీ" అంది చెల్లి.

చినమావ సంచి దగ్గరికి నడిచాడు. బుట్టలో పండు ఒక్కటీ కింద పడకుండా సంచిలో వొంపాడు. ఖాళీ బుట్టను సిల్వర్ ఓక్ కొమ్మకు తగిలించాడు. కొండ దిగి ఇంటికి వెళ్లిపోయాడు. సారు అదీ చూశాడు. చూసి, పని వేళలు ఎప్పుడు ముగుస్తాయని అడిగించాడు.

సాయంత్రం పండు కాటాకెక్కింది, ఒక్క సంచీ వెనక్కి రాలేదు. ఆ రాత్రి చెల్లి కోడి కోసింది. చినమావ రాలేదు. ఆయన వాటా డొప్పలో పెట్టి నేనే పట్టుకెళ్లాను.

"తీసుకుపో" అన్నాడు గడప మీద కూర్చుని. "కూలోడికి కోడేటి? కూలోడు ఇంటికాడ కూడు తింతాడు."

"దాని బాద దానిది మావా."

"దానిది. నానేటన్నాను? నాను కూలోణ్ణే. సారు రాసుకున్నాడు గదా."

ఆ నెల తిరక్కుండానే బోర్డులో మా ఊరి మూడు గళ్లూ పచ్చబడ్డాయి. ఫీల్డుమేను షెడ్డులో అందరికీ మిఠాయి పంచాడు. నేను తీసుకోలేదు. మరిది కర్ర పట్టుకుని ఇంటికొచ్చాడు. అందుకు సంతోషమే, ఎందుకు అబద్ధం చెప్పాలి? కానీ ఆ నడకకు మేం ఏం వెల పెట్టామో రాయడానికి బోర్డులో గడి లేదు.

చినమావ ఆ తరవాత ఎవరి తోటకూ రాలేదు. మరుసటేడు నా పండు దించడానికి పిలిస్తే ఇద్దరు వచ్చి ముందుగా కూలి ఎంత అని అడిగారు. వాళ్ల తప్పేం లేదు. మీరు కూలోళ్లు అని ఊరందరి ఎదుటా చెప్పాక, కూలి అడగకపోతే వెర్రివాళ్లవుతారు. ఇంకో రెండేళ్లకు మనిషి లేని ఇంటికి ఎవరూ ముందు వెళ్లడం లేదు. ఎవరు ముందు ఇస్తే వాళ్లింటికి వెళుతున్నారు. అప్పుడు చెల్లి చెప్పింది అబద్ధం. ఇప్పుడు అదే నిజం. చుక్క మాత్రం పచ్చగానే ఉంది. చెట్లను కొలిచినట్టు, నీళ్లను కొలిచినట్టు మనుషుల్ని కొలవడానికి వచ్చి, కొలతకు దొరకని దాన్ని తప్పు కింద వేసి పోయారు. వాళ్ల మీద నాకు కోపం తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

సారు కాగితంలో మేమందరం 'కూలీలు' అని ఒక్క మాటలో ఉన్నామట, ఫీల్డుమేనే చెప్పాడు. ఒక్క మాటలో పోయేవాళ్లం కాదు. నాకు అక్షరాలు వచ్చు గనక ఆ రోజు అక్కడెవరున్నారో నేను రాస్తున్నాను. తోట మనిషి, నా చెల్లి. మా చినమావ. ఆయన పెళ్లాం, కళ్లు సరిగ్గా ఆనకపోయినా పండు మెత్తదనం పట్టి దించే మనిషి. చెల్లి పిల్లలిద్దరికీ బొడ్డు కోసిన మంత్రసాని. గట్టు తగాదాలో చెల్లితో మాటలు మానేసి, ఆ రోజూ మాట్లాడకుండానే అందరికంటే ముందొచ్చిన పక్క తోట ఆయన. మరిది చేత ఇంటికి గడ్డి కప్పించుకున్న అన్నదమ్ములు. ఏసు పాటలు పాడుకుంటూ దించిన చర్చి పెద్దా, అతని భార్యా, ఆ నెలే కాపురానికొచ్చి ఇంకా ఎవరినీ ఎరగని వాళ్ల కోడలూ. మా ఆయన. నేను. మరిది లేడు, ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంకా బెంగుళూరు సారు, సాలూరు ఫీల్డుమేను. ఆ కొండ మీద ఆ రోజు జీతానికి వచ్చినవాళ్లు ఆ ఇద్దరే.