ఉప్పు లేని ఆకు

మా అన్నయ్య ఒక చిన్న సీసాలో ఉమ్మి పోసి, ఎక్కడికో పోస్టులో పంపి, తన ఒంట్లో తెల్లవాళ్ళ రక్తం ఉందని తేల్చుకున్న రోజు నుంచి మా ఇంట్లో ప్రశాంతత లేదు. అరవై దాటిన మనిషి! బుకిట్ పంజాంగ్‌లో తన ఫ్లాట్‌లో అద్దం ముందు నిలబడి ముక్కును అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటున్నాడని వదిన ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మాది తాతల కాలంలో భీమిలి నుంచి ఓడెక్కి సింగపూర్ వచ్చిన కుటుంబం. అమ్మా నేనూ బుకిట్ బటోక్‌లో ఉంటాం. మా వంశంలో ఒక ఒలందా దొర ఉన్నాడని చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఎప్పుడో హాలెండు నుంచి భీమిలికి వచ్చిన వర్తక కంపెనీ మనిషి కాబట్టి మా పెద్దవాళ్ళు పెట్టుకున్న పేరది. రుజువేదంటే, అమ్మ దేవుడి పెట్టెలో నల్లబడిపోయిన వెండి బిళ్ళ ఒకటుంది. ఆ కాలపు దొరలు బూటు మీద పెట్టుకునేదట. అది కాక మహాలయ అమావాస్య నాడు మేం వేసే ఆకులున్నాయి.

పెద్దలకు పెట్టుకునే ఆ రోజున అన్నయ్య గుడికి వెళ్ళి తర్పణాలు వదిలి వస్తాడు. ఇంట్లో ఆకులు వెయ్యడం ఆడవాళ్ళ పని. తాతకు, నాయనమ్మకు, నాన్నకు అందరిళ్ళలో వేసినట్టే వేస్తాం. ఆ పైన మా ఇంటికి మాత్రమే ఉన్నవి మూడాకులు. దేవుడి అలమర ముందు అరచేతంత చిన్నవి రెండు వేసి, వాటిలో పరమాన్నం పెడతాం. వాటిని మావయ్యల ఆకులంటారు. మూడోది దొరది, పెద్దది. దాన్ని గుమ్మం బయట కారిడార్‌లో, చెప్పుల స్టాండు పక్కన పెట్టాలి. అందులో వడ్డించే దేనిలోనూ ఉప్పు పడకూడదు. ఎందుకని అడిగితే, "దొరలు చప్పిడి తింటారమ్మా" అని నాన్న నవ్వేసేవారు. మావయ్యలకు అంత బుల్లి ఆకులేమిటంటే ఎవరూ చెప్పలేదు. బయట ఆకు పెడితే గోరువంకలు వాలతాయి, ఎవరైనా ఫిర్యాదు చేస్తే జరిమానా పడుతుందని నాకు ఏటేటా బెంగ. ఎదురింటి చైనీస్ ఆంటీ మాత్రం ఒక్క మాట అనలేదు. ఆవిడా చనిపోయినవాళ్ళ కోసం చేసే తన పండక్కి కింద గడ్డిలో అన్నం పెట్టి వస్తుంది మరి.

ఈ ఏడు అమ్మకు మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. "ఇకనించి నువ్వే ఎయ్యాల. మూడాకులూ తప్పకండా ఎయ్యాల, మాటియ్యి" అంది. ఇచ్చాను. అదే సమయంలో అన్నయ్య వంశవృక్షం కట్టించడం మొదలుపెట్టాడు. బంగారు రంగు ఫ్రేము, పైన దొర బొమ్మ, కింద కొమ్మలుగా మేమంతా. దొర బొమ్మ లేదు కదా, కంప్యూటర్ చేత తన మొహానికే పొడుగు జుట్టూ లేసు కాలరూ పెట్టించాడు! అమావాస్య నాటికి దాన్ని దేవుడి అలమరలో నాన్న ఫొటో పక్కన పెడతాడట. "పేరూ ఊరూ కరెక్ట్‌గా ఉండాలి చెల్లీ. ఆన్‌లైన్‌లో పాత రికార్డ్స్ అన్నీ ఉన్నాయి. నువ్వు వెతుకు, నీకు పేషెన్స్ ఎక్కువ" అన్నాడు. నాకు ఓపిక ఎక్కువని ఈ భూమ్మీద ఇంకెవరూ అనలేదు.

ఆ కాగితాల మీది రాత చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. చీమలు సిరాలో పడి లేచి నడిచినట్టుంది. ఎవరో చెబితే ఇక్కడి యూనివర్సిటీలో రిసెర్చి చేస్తున్న వైజాగ్ అమ్మాయి ఒకతి దొరికింది. పాత డచ్చి రాత చదవడమే ఆమె చదువు. పాయా లేబర్‌లో మా ఆఫీసు పక్కన తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో, ఇక్కడి పద్ధతిలో టిష్యూ పొట్లం పెట్టి టేబుల్ పట్టుకుని, శనివారాలు మధ్యాహ్నం కూర్చునేవాళ్ళం. ఆమె లాప్‌టాప్‌లో చదివి చెప్పేది, నేను రాసుకునేదాన్ని.

అబ్బబ్బ, ఆ దొర ఎంత ఏడ్చాడో! ఎండ పడటం లేదని ఉత్తరం. పన్ను నొప్పని ఉత్తరం. సారా పులిసిపోయిందని, పెట్టుడు జుట్టుకు చెదలు పట్టిందని, పెంచుకున్న చిలక చచ్చిపోయిందని ఉత్తరాలు. చిలక చావు మీద ఒకటిన్నర పేజీ. శనివారం తర్వాత శనివారం వాడి పళ్ళూ వాడి చొక్కాలే. "మరి మా అవ్వేదమ్మా? వాడు చిలకని చేసుకుని మా వంశం పుట్టించాడా?" అని అరిచాను. పక్క టేబుల్ వాళ్ళు తిరిగి చూశారు.

తర్వాతి శనివారం ఆ అమ్మాయి టీ కూడా చెప్పుకోకుండా కూర్చుని ఉంది. "ఆంటీ, ఒక కాయితం దొరికింది. సూస్తానంటేనే సూపిస్తాను" అంది. చూపించమన్నాను.

"కరువొచ్చిన ఏడు ఆంటీ ఇది. బియ్యమిచ్చి మనుషుల్ని కొన్నారు. ఓడెక్కించి బటావియా పంపించారు, అదే ఇప్పటి జకార్తా. ఈ పట్టీలో ఉన్నోళ్ళంతా ఆ మనుషులే. కిందన సంతకం మీ దొరది."

వేలుతో మూడు వరసలు చూపించింది. ముగ్గురూ ఒక తల్లి పిల్లలని పక్కన రాసి ఉందట. మగపిల్లవాడు, పదేళ్ళు. మగపిల్లవాడు, ఏడేళ్ళు. ఆడమనిషి, పంతొమ్మిదేళ్ళు. ఒక్కరికీ పేరు లేదు. మూడో వరస మీద అడ్డంగా గీత కొట్టి ఉంది. ఆ గీత పక్కన దొర చేతిరాత. "ఈమెను నా ఇంటికి ఉంచుకున్నాను."

ఆ తర్వాత దొర వీలునామాలో చివరి పేజీ తీసింది. 'పట్టీలోంచి నేను ఉంచుకున్న ఆమె కొడుక్కి నా పాత కోటు, బూటు వెండి బిళ్ళ ఒకటి.' జత కూడా కాదు, ఒక్కటి! మా అమ్మ దేవుడి పెట్టెలో పెట్టి పసుపూ కుంకుమా జల్లుతున్నది ఆ బిళ్ళకే.

వాడి మొహం మండ! చచ్చిన చిలకకి ఒకటిన్నర పేజీ రాసినవాడికి ఆ పిల్ల పేరు రాయడానికి చేతులు పడిపోయాయా? తమ్ముళ్ళిద్దర్నీ ఓడెక్కించి, అక్కని ఇంట్లో పెట్టుకున్నాడు. ఆవిడ రోజూ వాడికి అన్నం వడ్డించిందా? ఆ సముద్రం కేసి చూస్తూ వడ్డించిందా? అలాంటి ఓడలు మలక్కా మీదుగానే పోయేవని ఆ అమ్మాయి చెప్పింది. అంటే మేం పిల్లల్ని తీసుకుని పిక్నిక్‌లకు వెళ్ళే ఈ నీళ్ళకు దగ్గర్లోంచే ఆ ఇద్దరూ పోయి ఉంటారు. మా తాతకంటే ముందు మావాళ్ళు ఈ దారిన వచ్చారన్నమాట. ఆ టేబుల్ దగ్గరే ఏడ్చాను.

అన్నయ్యకి ఫోన్ చేశాను. అంతా విని ఏమన్నాడో తెలుసా? "ఆ టైమ్స్ అలాంటివి చెల్లీ. అందరూ చేసినదే. కానీ చూడు, ఆమె లైన్ కొట్టేశాడు. పంపించలేదు. దట్ ఈజ్ లవ్!"

లవ్వట! సిగ్గుండాలి మాట్లాడటానికి. నీ ఫ్రేము మా గడప తొక్కితే సముద్రంలో పారేస్తానన్నాను. ఆ దొరకి నేను ఆకు వెయ్యను, వెయ్యను గాక వెయ్యను అన్నాను. తర్వాత గుర్తొచ్చింది, అమ్మకి మాటిచ్చానని.

అమావాస్య నాడు పొద్దున్నే అలవాటు కొద్దీ అన్నీ వండాను, ఉప్పు లేని పప్పూ వేరే గిన్నెలో తీశాను. లోపలి ఆకులన్నీ వేశాను. అమ్మ కుర్చీలో కూర్చుని చూస్తోంది. "దొర ఆకేదే?" అంది. ఇక దాచలేకపోయాను. ఆమె కాళ్ళ దగ్గర కూలబడి మొత్తం చెప్పేశాను. మాట తప్పుతున్నాను, నన్ను క్షమించమన్నాను.

"ఆ గుంటలిద్దరికీ ఎంతెంత వయసన్నావు?" అంది అమ్మ.

"ఒకడికి పదేళ్ళు, ఒకడికి ఏడు."

అలమర ముందున్న చిన్న ఆకుల వైపు చూసింది. "అదా సంగతి. మా అత్త ఎదగని ఆకే కొయ్యమనీది. ఎందుకో ఆవిడికీ తెల్దు. అక్క కొడుక్కి మావయ్యలే కదే మరి."

ఆ అక్కే వేసి ఉంటుంది మొదటిసారి ఆ రెండాకులూ. కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని, వీళ్ళు నీ మావయ్యలు నాయనా అని చెప్పి ఉంటుంది.

"ఇప్పుడు లేచి వాడికీ ఎయ్యి" అంది అమ్మ.

"అమ్మా! ఇంత విన్నాక కూడానా?"

"పేమతో ఎవులు పెట్టేరే వాడికి? పెట్టకపోతే ఆకలికి లోపలికొచ్చీసి పిల్లల పక్కన కూకుంటాడు. గుమ్మం బయటే తినాల, బయటినించి బయటే పోవాల. ఉప్పెందుకెయ్యమనుకున్నావు? మన ఉప్పు తింటే మనోడైపోడూ?"

"నాన్న చప్పిడి అనేవారు కదా."

"మీ నాన్నకి ఎవులు సెప్పేరు? ఆడోళ్ళకే సెప్తారిది. మా అత్త నాకు సెప్పింది. ఇప్పుడు నాను నీకు సెప్తన్నాను."

ఇన్ని శనివారాలు కూర్చుని నేనేదో కనిపెట్టాననుకున్నాను. పేరు లేని ఆవిడ ఏ కాగితం లేకుండానే కోడళ్ళ చేత తరతరాలుగా వాణ్ణి గుమ్మం బయట కూర్చోబెడుతోంది. లేచాను. అన్నంలో ఉప్పు లేని పప్పు కలిపి, చెప్పుల స్టాండు పక్కన ఆకు వేసి వచ్చాను.

అప్పుడే అన్నయ్య ఫ్రేము చంకన పెట్టుకుని లిఫ్టు దిగాడు. నా మొహం చూసి గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఎవుల్రా అది?" అంది అమ్మ లోపలి నుంచి.

"దొర, అమ్మా. మన దొర."

"అలాగా. ఆకు బయటేసుంది. ఆయన్నీ అక్కడే కూకోబెట్టి నువ్వు లోపలికి రా."

అన్నయ్య నన్ను చూశాడు, అమ్మను చూశాడు. కారిడార్‌లో సామాను పెడితే ఫైన్ పడుతుందని గొణిగాడు. చివరికి ఫ్రేముని గోడకి ఆనించి, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. భోజనానికి కూర్చున్నాడు. నా కోపం ఇంకా చల్లారలేదు. దొర గిన్నెలో మిగిలిన పప్పే, కావాలనే, వడ్డించాను.

ఒక ముద్ద తిని తలెత్తాడు. "పప్పులో ఉప్పు లేదు" అన్నాడు, చిన్నపిల్లవాడిలా.

అమ్మ నా వైపు తిరిగింది.

"ఉప్పెయ్యవే వాడికి. వాడు మనోడే."