మట్టి డ్యూటీ

ఆ వేసవి శిక్షణ ఆరు వారాలు. అందులో నాలుగు వారాలు నేను మట్టి తవ్వాను. ఆ కోపం ఇప్పటికీ పోలేదు. అన్నిటికీ మోకాళ్ళ మీద ప్రార్థన చేసే ఇంట్లో పుట్టినా, అది పోవాలని మాత్రం నేనెప్పుడూ ప్రార్థించలేదు.

డెబ్బైల మొదట్లో మాట. ప్రకృతి వైద్యం చదువులో నాకు మొదటి ఏడు పూర్తయింది. ఎండాకాలం సెలవుల్లో విద్యార్థులను ఏదో ఒక వైద్యశాలకు శిక్షణకు పంపేవారు. మా జట్టుకు ఉప్పల్‌కూ నాచారానికీ నడుమ, పాత మామిడితోటలో నడిచే ఒక చిన్న వైద్యశాల పడింది. ఒక పెంకుటిల్లు, దాని వెనక రెండు రేకుల షెడ్లు, ఒక గిలక బావి. ఒక షెడ్డు ఆడవాళ్ళది, ఒకటి మగవాళ్ళది. అప్పటికి ఉప్పల్ ఇంకా ఊరే. బస్సు దిగితే జొన్న చేలు కనిపించేవి. నాచారం వైపు మాత్రం ఫ్యాక్టరీల గోడలు ఒకటొకటే లేస్తున్నాయి. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ, అమ్మ సర్కారు దవాఖానాలో ఆయా. మా ఇల్లు నాచారంలోనే కాబట్టి నేను తెల్లవారుతూనే నడిచి వచ్చేదాన్ని. మిగతా నలుగురు అమ్మాయిలు తోటలోనే ఉండేవాళ్ళు.

మందుల్లేని వైద్యం అంటే మా చుట్టాలకు నవ్వులాట. "సూది లేదు, గోలీ లేదు, ఇంగ నువ్వేం డాక్టర్వే?" అని మా మేనత్త ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక గుడి బయట పదిమందిలో అడిగేది. ఉపవాసం, తొట్టి స్నానం, మట్టి పట్టీ, మర్దన అని నేను వరసగా చెబితే, ఉపవాసం మనకు పుట్టినప్పటి నుంచి తెలుసు కదే అని మళ్ళీ నవ్వేది. అమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె లెక్క వేరు. "దవాఖానాల పేషెంటును ముట్టుకునేది మేమే. ఎత్తేది మేమే, కడిగేది మేమే. పేరు డాక్టర్ది. నీ చేత్తోని నువ్వే బాగు జెయ్యాలె, పేరు గూడ నీదే ఉండాలె," అనేది. నేను ఆ చదువులో చేరింది ఆ మాట కోసమే.

వైద్యశాలలో ఒక నియమం ఉండేది. ఏ చికిత్స అయినా ముందు నీ ఒంటి మీద, ఆ తర్వాతే రోగి ఒంటి మీద. రోగికి ఉపవాసం పెట్టాలంటే ముందు మేము రెండు రోజులు నిమ్మనీళ్ళ మీద ఉండాలి. మర్దనకైతే అమ్మాయిలు జోడీలు కట్టి ఒకరికొకరు చేసుకోవాలి. ఒక్కొక్కరు పది మర్దనలు చేయాలి, చేయించుకున్న వాళ్ళు కాగితం మీద సంతకం పెట్టాలి. పది సంతకాలు పడితేనే రోగిని తాకనిస్తారు. ఆ కాగితం నిండకపోతే శిక్షణ పూర్తి కానట్టే, రెండో ఏడులో చేర్చుకోరు. నియమం మంచిదే. ఇప్పటికీ నాకు ఇష్టమే.

కాని మేము ఐదుగురం. మొదటి రోజు జోడీలు కట్టమనగానే కన్ను మూసి తెరిచేలోగా నలుగురూ రెండు జోడీలైపోయారు. నేనే ఆలస్యం చేశాననుకున్నాను. రెండో రోజు తొందరగా వచ్చి, నూనె గిన్నె పట్టుకుని పొడుగు జడ అమ్మాయి ముందు నిలబడ్డాను. జోడీలు రోజూ మారొచ్చు కదా అన్నాను. తనకు ఒంట్లో బాగాలేదంది. పావుగంట తర్వాత చూస్తే ఆమె చాప మీద బోర్లా పడుకుని వేరే అమ్మాయి చేత హాయిగా మర్దన చేయించుకుంటోంది. మూడో రోజు ఆడవాళ్ళ షెడ్డు చూసే పెద్దమ్మగారు నన్ను పిలిచి, "నువ్వు మట్టి సంగతి చూసుకో అమ్మాయ్. నీ చేతిలో మట్టి బాగా కుదురుతోంది," అన్నారు.

ఆమె గుంటూరు వైపు ఆవిడ. ఖద్దరు చీర, రోజూ మధ్యాహ్నం రాట్నం. స్వాతంత్ర్యం కోసం జైలుకు కూడా వెళ్ళొచ్చారట. నేను చేరిన రోజే, అడక్కుండానే, "నేను మీ వాడల్లో కూర్చుని భోజనం చేసినదాన్నమ్మా," అని చెప్పారు. తిన్నవాళ్ళు గుర్తు పెట్టుకుంటారు సరే, పెట్టినవాళ్ళకు ఆ పూట ఇంట్లో ఏం మిగిలిందో ఎవరైనా అడిగారా? అప్పటికింకా నా నోరు లేవలేదు.

మట్టి పని చిన్నదేం కాదు. తోట పక్క చెరువు శిఖంలో, నీళ్ళు ఇంకిపోయిన నేలలో మోకాలి లోతు తవ్వి, పైమట్టి తీసేసి, లోపలి నల్లమట్టి తేవాలి. ఎరువు తగలని చోటు చూసుకోవాలి. ఎండలో ఆరబోయాలి, దంచాలి, రెండు సార్లు జల్లెడ పట్టాలి. సాయంత్రం గోలెంలో నానబెట్టి, పొద్దున కొయ్య గరిటెతో కలిపి, తడిగుడ్డ మీద దిబ్బరొట్టెలా పరిచి రోగి పొట్ట మీద వేయడానికి సిద్ధం చేయాలి. సిద్ధం చేసేది నేను. వేసేది వాళ్ళు. నేను పట్టీని షెడ్డు గడప దగ్గర పెడితే లోపలి నుంచి ఎవరో ఒకరు వచ్చి పట్టుకుపోయేవాళ్ళు. మమ్మల్ని ఊరి బావి గట్టు ఎక్కనివ్వని సంగతులు నాయనమ్మ నోట విన్నాను గాని, గడప అవతల నిలబడడం ఎట్లా ఉంటుందో నా కాళ్ళకు తెలిసింది ఆ తోటలోనే.

ఇంటికి వెళ్తే అమ్మ డ్యూటీ చీర కూడా విప్పకుండా అడిగేది. "ఇయ్యాల ఎవలికి జేసినవ్?"

"నడుం నొప్పి ఆమెకు," అనేదాన్ని. ఇంకో రోజు మోకాళ్ళ నొప్పి ఆమె. నా అబద్ధపు రోగులందరికీ నొప్పి తగ్గిపోయేది. అమ్మ సంతోషపడి పక్కింటి వాళ్ళకు చెప్పేది.

నాలుగో వారం చివర నా కాగితం తీసుకుని పెద్దమ్మగారి దగ్గరికి వెళ్ళాను. ఒక్క సంతకం లేదు. ఆమె దాన్ని చూసి నిజంగానే నొచ్చుకున్నారు. "నాకేం పట్టింపు లేదమ్మాయ్. కాని రోగులు అడుగుతారు. ఎవరి పిల్లవని అడుగుతారు. నీచేత అబద్ధం ఆడించమంటావా?" అన్నారు. గొంతు తగ్గించి, "నీ ఏడు మాత్రం పోనివ్వను. పది సంతకాలూ నేనే పెట్టేస్తాను. ఎవరికీ తెలియాల్సిన పనిలేదు," అన్నారు.

నా చేత అబద్ధం ఆడించనన్న నోటితోనే పది అబద్ధాలు ఇస్తానన్నారు. కాగితం ఆమె రాట్నం పక్కనే పెట్టి, రేపు చెబుతానని వచ్చేశాను. దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను. ఎందుకంటే ఒప్పుకోవాలనిపించింది. రెండో ఏడు వస్తుంది, చదువు నడుస్తుంది, అమ్మ మాట దక్కుతుంది. ఏం పోయింది?

ఆ సాయంత్రం అమ్మకు అంతా చెప్పేశాను. లేని నడుం నొప్పి ఆమె గురించి కూడా. తిడుతుందనుకున్నాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తలేదు. "ఆమె సంతకం బెడితే నీకు మర్దన జేసుడు వస్తదా?" అంది.

"రాదు."

"మరి గా కాగితం దేనికి, పొయ్యిల బెట్టనీకా?" అంది. చేట దులిపి, "మొండోడు రాజుకన్న బలవంతుడంటరు. నువ్వు నా మీదనే మొండితనం జేస్తవ్. జర ఆడ గూడ జెయ్యి," అంది.

దంచిన మట్టి అయిపోయింది, ముందు సాయంత్రం ఏమీ నానబెట్టలేదు; మర్నాడు నేను కొత్తగా మట్టి తీయలేదు. కాళ్ళూ చేతులూ శుభ్రంగా కడుక్కుని, నువ్వుల నూనె గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఆడవాళ్ళ షెడ్డు గడప మీద కూర్చున్నాను. పక్కన కాదు, గడప మీదే. ఏడింటికి రోగులు వచ్చారు. పెద్దమ్మగారు వచ్చి, "మట్టి ఏదమ్మాయ్?" అన్నారు.

"చెర్ల ఉన్నదమ్మా."

ఆమెకు అర్థమైంది. పొడుగు జడ అమ్మాయినీ ఇంకొక అమ్మాయినీ చెరువుకు పంపారు. వాళ్ళకు పార పట్టడం కొత్త. గట్టు మీద తుమ్మచెట్ల కింద నీడ ఉందని, అక్కడే పైపైన గోకి, తట్టలో ఎత్తుకొచ్చి, జల్లెడ పట్టకుండానే నీళ్ళు పోసి కలిపారు. ఆ రోజు మొదటి పట్టీ తార్నాక క్వార్టర్స్ నుంచి వచ్చే ఒక సైంటిస్టు గారి భార్యకు వేశారు. వేసీ వేయగానే ఆవిడ పెట్టిన కేకకు మగవాళ్ళ షెడ్డులో వాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. తుమ్మముల్లు. అది కూడా ఒకటి కాదు. పాపం ఆవిడ తప్పేమీ లేదు, అయినా నాకు నవ్వు ఆగలేదు. దేవుడు క్షమించాలి, క్షమించకపోయినా సరే.

పెద్దమ్మగారు ముళ్ళు తీయించి, ఆవిడకు క్షమాపణ చెప్పి, తిన్నగా నా దగ్గరికి వచ్చారు. ముఖం ఎర్రబడింది. "రోగులను బాధ పెట్టి సాధిస్తావా? ఇదేనా నువ్వు నేర్చుకున్న అహింస?"

లేచి నిలబడ్డాను. "నాలుగు వారాలు నా చేతులు కట్టేసిన్రు. దాన్నేమంటరో అది గూడ చెప్పున్రి అమ్మా."

"ఎవరు కట్టేశారు? నీతో జోడీ కట్టడానికి ఎవరూ రాకపోతే నేనేం చేయను?"

"మీరు రాన్రి."

రోగులు చాపల మీద తలలెత్తి చూశారు. పెద్దమ్మగారు నన్ను చూశారు, గిన్నెను చూశారు. ఆ తర్వాత ఆమె అన్న మాట నేను చచ్చేదాకా మరవను.

"నాకు స్నానం అయిపోయింది," అన్నారు.

అంతే. కోపంగా అనలేదు. చిన్న గొంతుతో, తెలియకుండానే జారిపోయినట్టు అన్నారు. జైలూ రాట్నమూ వాడలో భోజనాలూ అన్నీ ఆ ఒక్క మాట ముందు ఎటో పోయాయి. ఆమె కూడా తన మాట తానే విన్నారని ముఖం చూస్తే తెలిసింది.

"మర్దన అయినంక మళ్ళ తానం జెయ్యాలెనని మీరే జెప్పిన్రు గదమ్మా," అన్నాను. "ఎవలు జేసినా జెయ్యాల్సిందే గద."

చివరికి ఆమె కళ్ళజోడు తీసి కిటికీలో పెట్టారు. తెర వెనక్కి వెళ్ళి, చాప మీద బోర్లా పడుకున్నారు.

నేను పాదాల దగ్గర మొదలుపెట్టాను. కింది నుంచి పైకి, గుండె వైపు. దవాఖానాలో రోజంతా నిలబడి వచ్చే అమ్మ కాళ్ళు ఒత్తిన చేతులివి, వీటికి పని తెలుసు. పెద్దమ్మగారి ఒళ్ళు మొదట కొయ్యలా బిగుసుకుని ఉంది. నేను తొందరపడలేదు. కుడి భుజం ఎముక కింద పెద్ద ముడి తగిలింది. రాట్నం తిప్పే చెయ్యి. బొటనవేలితో దాని చుట్టూ మెల్లగా తిప్పుతుంటే ఆమె మొదటిసారి మాట్లాడారు.

"అక్కడే. కొంచెం గట్టిగా."

లేచాక స్నానానికి వెళ్ళేముందే కాగితం తెప్పించి సంతకం పెట్టారు. కలం కిందికి, రెండో గీత దగ్గరికి కదిలింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. "వద్దమ్మా. ఇంక తొమ్మిది మర్దనలు జేస్తెనే తొమ్మిది సంతకాలు." ఆమె కలం మూసేశారు. మర్నాటి నుంచి జోడీలూ మట్టీ అన్నీ వంతులవారీగా అని ఆమే ప్రకటించారు. పొడుగు జడ అమ్మాయి నా వంతుకు వచ్చి, పన్ను పీకించుకోవడానికి వచ్చినట్టు కళ్ళు గట్టిగా మూసుకుని పడుకుంది. క్షమించమని అడగలేదు. నేనూ క్షమించలేదు. ఆమె చేత పార పట్టించి, ఎక్కడ తవ్వాలో మాత్రం చూపించాను.

చివరి వారంలో నా కాగితం నిండింది. మొదటి రోగిగా చిలకానగర్ నుంచి ఒక నడివయసు ఆవిడ వచ్చింది. నేను నూనె వెచ్చబెడుతుండగా ఇల్లెక్కడ, నాన్న ఏం చేస్తాడు, ఏ గుడికి పోతారు అని ఒక్కొక్కటే అడిగి, అర్థమయ్యాక కొంగు కప్పుకుని లేచింది. రేపొస్తానంది. రాలేదు. పెద్దమ్మగారు మూలన కూర్చుని అంతా చూశారు. నేను చెప్పలేదా అన్నట్టు ఆమె కళ్ళు నా వైపు తిరిగాయి. నేను తల దించకుండా, ఆ నూనెను తర్వాతి మనిషి కోసం పక్కన పెట్టాను.

రెండో మనిషి ఉప్పల్ అంగడిలో మామిడిపండ్లూ తాటిముంజలూ అమ్మే ఒక అవ్వ. నడుం వంగిపోయి, గోడ పట్టుకుని వచ్చింది. చాప దగ్గర ఆగి, నన్ను కిందికీ పైకీ చూసింది. "ఎవలోల్ల బిడ్డవే నువ్వు?"

పెద్దమ్మగారు ఏదో చెప్పబోయారు. నేనే ముందు చెప్పాను. "మాదిగోల్ల బిడ్డను, అవ్వా. ఏసయ్యను నమ్ముకున్నోల్లం. పండుకుంటవా, పోతవా?"

అవ్వ గోడ వదిలి నా భుజం పట్టుకుంది. "నడుం ఇరిగి నేను సస్తుంటె నీ కులం నేనేం జేసుకోను? జర మెల్లగ పండవెట్టు," అంది.

పడుకోబెట్టాను. ఎముకలు తేలిన ఆ వీపు మీద చేతులు పెట్టగానే అవి వణకడం మొదలుపెట్టాయి. గడప మీద కూర్చున్న రోజు వణకలేదు, పెద్దమ్మగారి ముందు వణకలేదు. ఇప్పుడు ఆపుదామన్నా ఆగలేదు. కళ్ళలో నీళ్ళు నూనెలో పడకుండా మోచేత్తో తుడుచుకున్నాను.

"ఏందే, పొద్దుగాల బువ్వ తినలేదా?" అంది అవ్వ చాపలో ముఖం పెట్టుకునే. "గట్టిగొత్తు."

గట్టిగా ఒత్తాను.